దారం లేని కుట్టు

బిస్కెట్ డబ్బా మూత ఊడిరాక
చెంచా కాడతో ఎత్తాడు కాజా మొయిదీన్,
కాజాలు కుట్టీ కుట్టీ పేరే పనైపోయినవాడు.
"అక్కా, పోస్టాఫీసులో చేసినదానివి కదా,
ఇందులో స్టాంపులేవో, కానివేవో చెప్పు."

ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు వేరు చేసిన చేతులు.
పార్క్‌టౌన్ మేడ మీద
ఊరి పేరు సగం చదివేలోపే
గడి దొరికిపోయేది నాకు.
పాత చాకలిపేటలో ఈ మధ్యాహ్నం
గడుల్లేవు. చాప ఉంది. కరెంటు లేదు.

ముందు తేలికవి.
రెండు అడ్డగీతల ఎర్ర శిలువ
క్షయరోగుల కోసం డిసెంబరులో అమ్మే బిళ్ళ.
ఉత్తరం దాన్ని మోస్తుంది,
ఉత్తరాన్ని అది మోయదు.
జింక తలది అగ్గిపెట్టె మీదది,
శివకాశి వాసన ఇంకా పోలేదు.
బంగారు అంచు ఏనుగు, ఏదో మిల్లు తానుకి అంటించింది.
తడిగుడ్డ మీద పెడితే
నడుందాకా రంగు వదిలేసింది పాపం.
రాజుగారి తల రసీదు బిళ్ళ.
దాని మీద ఎవరిదో సగం సంతకం,
మిగతా సగం అప్పు
ఏ కాగితం మీద ఉండిపోయిందో.

"అయితే ఇవేవీ స్టాంపులు కావా?"
కావు.
"అంచుకి పళ్ళున్నాయే?"
పళ్ళున్నవన్నీ కరవవు కాజా.
దేశం పేరుండాలి. వెల ఉండాలి.
దారిలో పోయిందంటే
జవాబు చెప్పేవాడొకడుండాలి.

డబ్బా అడుగున కొలతల పుస్తకం,
అందులో మడతపెట్టిన షీటు.
వరసకి ఐదు, నాలుగు వరసలు, మూల ఒకటి లేదు.
కత్తెర బొమ్మ కింద మూడు లిపుల్లో
దర్జీల నిధి, పావలా.
తెలుగులో మాత్రం పొట్ట చీల్చడం మరిచి
'నిది' అని వేశారు.

ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు.
భూతద్దం తీశాను.
అచ్చాఫీసు చిల్లులు కాగితాన్ని కొరికి
ముక్క తీసేస్తాయి, గుండ్రంగా.
ఇవి పొడిచి వదిలేశాయి.
వెనకవైపు వేలు పోనిస్తే గరుకు,
రెండ్రోజుల గడ్డంలా.
పళ్ళు లెక్కపెట్టాను.
పై వరసలో బెత్తెడుకి ఇరవై రెండు,
కిందికొచ్చేసరికి పద్దెనిమిది,
ఆఖరి వరసలో కాలు అలిసినట్టు
ఎడం ఎడంగా, కొంచెం వంకరగా.

"కాజా, ఇది కుట్టు మిషను.
సూదిలో దారం తీసేసి కాగితం మీద తొక్కారు."

కళ్ళద్దాలు తీసి లుంగీ కొసతో తుడిచాడు.
తుడిచినవే మళ్ళీ తుడిచాడు.
"చెంగల్రాయుడు మేస్త్రీ.
నాకప్పుడు పదమూడు. కాజాకి మూడు పైసలు.
షట్టరు దించి రాత్రిళ్ళు తొక్కేవాడు.
దారం లేని మిషను చప్పుడు వేరక్కా,
ఆకలిగా ఉంటుంది.
మతిపోయిందనుకుని
నేను బల్ల కింద పడుకుని నిద్ర నటించేవాణ్ణి."

ఎవరి కోసం నిధి?
తెలియదట.
ఎవరైనా కొన్నారా?
ఎంసీ రోడ్డు పొడుగునా తిరిగి
షీటు చంకలో పెట్టుకుని వచ్చేశాడట,
ఎండకి జిగురు చెమ్మగిల్లి.

మరి మూల ఒకటి ఏమైంది?

ఊరికే పుస్తకం తిప్పుతున్నాను.
భుజం, నడుము, చెయ్యి పొడుగు,
పేర్ల ఎదురుగా కూలి, కూలి ఎదురుగా బాకీ.
ఆగస్టు నెల మధ్యలో పెన్సిలు రాత:
కాజా పయ్యన్. చొక్కా ఒకటి. ఛాతీ ఇరవయ్యారు.
కూలి అన్నచోట అంకె లేదు,
కత్తెర బొమ్మ అంటించి ఉంది,
దాని మీద అడ్డంగా తారీకు,
మేం ముద్ర కొట్టినట్టే.

"గుర్తుందా ఆ చొక్కా?"
చాలాసేపు చూశాడు.
"లేదక్కా," అన్నాడు. "రంగైనా రాసుంటే..."

అప్పుడే కరెంటొచ్చింది.
పంకా ఒక్క విసురు విసిరితే
స్టాంపులూ కానివీ
చాపంతా కలిసిపోయాయి.
ఏనుగు వాడి మోకాలి మీద వాలింది.
ఇద్దరం దేన్నీ ఏరలేదు.
ఆ పేజీ ఎగరకుండా
రెండువైపులా చేతులు వేసి కూర్చున్నాం.